గేమ్ కంట్రోలర్ చేతిలో జారుతోందా? తొడుగు, టేపు, థంబ్ క్యాప్: ఏది దేనికి పనిచేస్తుంది

సంక్షిప్తంగా

కంట్రోలర్ జారడం, వేళ్లు నొప్పెట్టడం రెండు వేర్వేరు ఇబ్బందుల్లా కనిపిస్తాయి. చాలాసార్లు మొదటిదే రెండోదానికి కారణం. ఉపరితలం జారుతుంటే చెయ్యి తనకు తెలియకుండానే బిగుసుకుంటుంది, ఆ బిగువే గంట తర్వాత నొప్పిగా తేలుతుంది. కాబట్టి తక్కువ బలంతో నిలిచే పట్టే మంచి పట్టు. పిడులకు (కంట్రోలర్‌ను పట్టుకునే రెండు కొసలకు) రాకెట్లకు చుట్టే రకం పలుచని పాలీయురిథేన్ టేపు, కుడి స్టిక్‌కు (బొటనవేలితో తిప్పే చిన్న పుల్లకు) తగిన ఎత్తు, తగ్గించిన వైబ్రేషన్ ఎక్కువ మందికి సరిపోతాయి. మందపాటి సిలికాన్ తొడుగు చిన్న చేతులవారికి మేలు కన్నా చేటే ఎక్కువ చేస్తుంది.

ఒకే వస్తువు, రెండు అభిప్రాయాలు

ఆన్‌లైన్ దుకాణాల్లో కంట్రోలర్ గ్రిప్ కోసం వెతికితే సిలికాన్ తొడుగులు, గరుకు రబ్బరు స్టిక్కర్లు, థంబ్ క్యాప్‌లు (స్టిక్‌కు తొడిగే టోపీలు), ట్రిగ్గర్ ఎక్స్‌టెండర్లు (చూపుడు వేలితో లాగే ట్రిగ్గర్ బటన్‌ను పొడిగించేవి), వెనక బిగించే ప్యాడిల్స్ (అదనపు బటన్లు) అన్నీ ఒకే పేజీలో వస్తాయి. అన్నింటి మీదా 'యాంటీ స్లిప్', 'కంఫర్ట్' అనే మాటలే ఉంటాయి. కొన్నవారి అభిప్రాయాలు చదివితే అయోమయం ఇంకా పెరుగుతుంది. ఒక తొడుగును ఒకరు ఆకాశానికెత్తితే, అదే తొడుగును ఇంకొకరు రెండో రోజే తీసి పక్కన పడేశామంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చేతి కొలత, చెమట పట్టే తీరు, ఆడే ఆట, ఈ మూడింటిలో ఏది మారినా అదే వస్తువు ఇచ్చే ఫలితం తలకిందులవుతుంది. అందుకే వస్తువుల సంగతి చూసేముందు చేతిలో ఏం జరుగుతోందో చూడాలి.

చెయ్యి ఎందుకు బిగుసుకుంటుంది

ఒక వస్తువును ఎంత గట్టిగా పట్టుకోవాలో మనిషి ఆలోచించి నిర్ణయించుకోడు. వేళ్ల చర్మంలోని స్పర్శ గ్రాహకాలు అతి చిన్న జారుడును కూడా పసిగట్టి, సెకనులో పదో వంతు సమయంలోనే పట్టు పెంచేస్తాయి. స్వీడన్ పరిశోధకులు రోలాండ్ యోహాన్సన్, యోరాన్ వెస్ట్‌లింగ్ 1984లో ప్రచురించిన ప్రయోగాలు దీన్ని స్పష్టంగా చూపించాయి. పట్టుకునే చోట ఒకసారి గరుకు కాగితం, ఒకసారి స్వెడ్ తోలు, ఒకసారి పట్టుబట్ట అతికించి వస్తువును ఎత్తించారు. నున్నటి పట్టుబట్ట ఉన్నప్పుడు వేళ్లు ఎక్కువ బలంతో నొక్కాయి, గరుకు కాగితం మీద తక్కువ బలంతోనే సరిపెట్టుకున్నాయి. ప్రతిసారీ, జారకుండా ఉండటానికి కావలసినదానికి కొద్దిపాటి అదనం మాత్రమే కలుపుకున్నాయి.

కంట్రోలర్‌కు ఈ లెక్క వేస్తే తేడా బాగా తెలుస్తుంది. ప్లేస్టేషన్ 5తో వచ్చే డ్యూయల్‌సెన్స్ బరువు సుమారు 280 గ్రాములు. దాన్ని రెండు అరచేతుల మధ్య పక్కల నుంచి నొక్కి మాత్రమే నిలబెట్టాలనుకుందాం. ఘర్షణ గుణకం (ఉపరితలం ఎంత జారకుండా ఉంటుందో చెప్పే అంకె) 0.3 ఉంటే మొత్తం నొక్కాల్సిన బలం సుమారు 930 గ్రాముల బరువుతో సమానం. గుణకం 0.6కి పెరిగితే అది 470 గ్రాముల లోపుకు దిగుతుంది. నిజానికి బరువులో చాలా భాగం పిడుల కింద ఉండే మధ్యవేలు, ఉంగరపు వేలు మోస్తాయి కాబట్టి అసలు అంకెలు ఇంతకన్నా తక్కువే ఉంటాయి. కానీ ఘర్షణ రెట్టింపైతే నొక్కుడు సగమవుతుందన్న సూత్రం మారదు.

పట్టుకు అసలు పరీక్ష పెట్టేది బరువు కాదు, ఆట. బొటనవేలు స్టిక్‌ను పక్కకు తోస్తుంది, చూపుడు వేలు ట్రిగ్గర్‌ను వెనక్కి లాగుతుంది. ఈ రెండూ కలిసి కంట్రోలర్‌ను అరచేతిలో తిప్పాలని చూస్తాయి. ఆ తిప్పుడును ఆపేది మిగతా మూడు వేళ్లకూ పిడికీ మధ్య ఉండే ఘర్షణే. అందుకే ఊరికే పట్టుకున్నప్పుడు బాగానే అనిపించే కంట్రోలర్ షూటింగ్ ఆటలో జారుతుంది.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. బొటనవేళ్లు, చూపుడు వేళ్లు పూర్తిగా పైకెత్తి, మిగతా మూడేసి వేళ్లతోనే కంట్రోలర్‌ను ఆడే కోణంలో పట్టుకోవాలి. అలా నిలవకుండా ముందుకు వాలిపోతే చేతికీ పిడి ఆకారానికీ పొసగడం లేదని అర్థం. నిలిచినా స్టిక్ గట్టిగా తోసినప్పుడు తిరిగితే ఉపరితలంలో ఘర్షణ చాలడం లేదు. మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాతే జారడం మొదలైతే కారణం చెమట. ఈ మూడింటికీ మందులు వేరు. చాలామంది డబ్బు వృథా చేసేది మూడో జబ్బుకు మొదటి మందు కొనే చోటే.

ఈ ఆకారం ఎక్కడి నుంచి వచ్చింది

1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్ కంట్రోలర్ బల్లపరుపు దీర్ఘచతురస్రం. ఎక్కువసేపు ఆడితే మూలలు అరచేతిలో గుచ్చుకునేవి. 1990లో సూపర్ ఫ్యామికామ్ మూలలను గుండ్రం చేసి, చూపుడు వేళ్లకు పైఅంచున రెండు బటన్లు ఇచ్చింది. 1994 డిసెంబరులో వచ్చిన ప్లేస్టేషన్ కంట్రోలర్‌కు రూపకర్త తేయూ గోటో రెండు పిడులు పెట్టారు. దాంతో చేతి పని రెండుగా విడిపోయింది: మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు పట్టుకుంటాయి, బొటనవేలు, చూపుడు వేలు ఆడతాయి. ఇప్పటి కంట్రోలర్లన్నీ ఈ పంపకం మీదే నిలబడ్డాయి. పట్టును మెరుగుపరచడం అంటే ఈ పంపకాన్ని చెడకుండా కాపాడడమే.

ప్లేస్టేషన్ స్టిక్‌లు కింద, మధ్యకు జరిగి ఉండటానికి కారణం కూడా ఆ చరిత్రే. 1994లో బొటనవేలికి అందే మంచి చోటు దిశల బటన్లకు దక్కింది. 1997లో రెండు స్టిక్‌లు చేర్చాల్సి వచ్చినప్పుడు మిగిలిన ఖాళీలో పెట్టారు. అందువల్ల చిన్న చేతులవారికి ఎడమ బొటనవేలు లోపలికి ఎక్కువ చాచాల్సి వస్తుంది. ఎక్స్‌బాక్స్‌లో ఎడమ స్టిక్ పైన ఉంటుంది కాబట్టి నడక, పరుగు ప్రధానమైన ఆటల్లో ఆ బొటనవేలు సహజంగా వాలే చోటే పడుతుంది. కుడి స్టిక్ మాత్రం రెండింటిలోనూ కిందే ఉంటుంది.

కొలత విషయంలో పాఠం 2001లో వచ్చింది. మొదటి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్, 'డ్యూక్' అనే పేరుతో ప్రసిద్ధమైనది, చాలామంది చేతులకు మరీ పెద్దదైంది. జపాన్ కోసం తయారైన చిన్న కంట్రోలర్ ఎస్ 2002లో మిగతా దేశాల్లోనూ దాని స్థానం ఆక్రమించింది. 2020 నాటి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ కంట్రోలర్‌ను మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు తగ్గించింది. సగటు ఎనిమిదేళ్ల పిల్లల చేతి కొలతను లెక్కలోకి తీసుకుని బంపర్లను (ట్రిగ్గర్లకు పైన ఉండే బటన్లను) గుండ్రం చేసింది, పిడులను సన్నబరిచింది, పిడుల వెనక, ట్రిగ్గర్లు, బంపర్ల మీద చిన్న చుక్కల గరుకు అద్దింది. డ్యూయల్‌సెన్స్ వెనక భాగంలో ఆ గరుకు పనిని వేల సంఖ్యలో అచ్చువేసిన అతి చిన్న త్రిభుజం, వృత్తం, గుణకారం, చతురస్రం గుర్తులు చేస్తాయి.

బరువు మాత్రం పెరుగుతూ వచ్చింది. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4 సుమారు 210 గ్రాములు. డ్యూయల్‌సెన్స్‌లో ట్రిగ్గర్లకు మోటార్లు, కొత్త తరహా కంపన యంత్రాలు, 1,560 ఎంఏహెచ్ బ్యాటరీ చేరి 280 దాటింది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ రెండు ఏఏ సెల్స్‌తో కలిపి 287 గ్రాములు. నింటెండో స్విచ్ ప్రో 246. పాత కంట్రోలర్‌కు సరిపోయిన అలవాట్లు కొత్తదానికి చాలకపోవడం వెనక ఈ 70 గ్రాముల పాత్ర ఉంది.

చెమట, నూనె, పౌడరు

అరచేతి చెమటకు వేడి ఒక్కటే కారణం కాదు. అరచేతుల్లో, అరికాళ్లలో స్వేద గ్రంథులు చాలా దట్టంగా ఉంటాయి, అవి మానసిక ఒత్తిడికి వెంటనే స్పందిస్తాయి. ఏసీ గదిలో కూర్చున్నా ర్యాంకు కోసం ఆడే మ్యాచ్ చివరి నిమిషంలో చేతులు తడవడం అందుకే. ఫ్యాన్ వేగం పెంచితే చెమట త్వరగా ఆరుతుంది తప్ప పుట్టడం ఆగదు.

తేమకూ ఘర్షణకూ సంబంధం నేరుగా ఉండదు. బాగా పొడిబారిన చర్మం గట్టిగా ఉండి, ప్లాస్టిక్‌ను కొన్ని బిందువుల దగ్గరే తాకుతుంది. కొద్దిగా తేమ చేరితే చర్మం మెత్తబడి తాకే వైశాల్యం పెరుగుతుంది, పట్టూ పెరుగుతుంది. చెమట పొరగా నిలిచిందంటే చర్మానికీ ప్లాస్టిక్‌కూ మధ్య నీళ్లే ఉంటాయి, పట్టు ఒక్కసారిగా పడిపోతుంది. గరుకు ఉపరితలం పనిచేసేది ఇక్కడే. చుక్కల మధ్య ఖాళీల్లోకి నీరు జారి, ఎత్తుగా ఉన్న భాగాలు చర్మాన్ని తాకుతూ ఉంటాయి. ఆ ఖాళీలు మట్టితో, చర్మపు పొట్టుతో నిండిపోతే గరుకు ఉన్నా లేనట్టే. కొత్తలో బాగున్న కంట్రోలర్ ఆరు నెలలకు జారుతోందంటే ముందు అనుమానించాల్సింది ఈ మురికినే. మెత్తటి టూత్‌బ్రష్‌తో, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి పిండిన గుడ్డతో శుభ్రం చేస్తే చాలాసార్లు ఏమీ కొనక్కర్లేకుండానే పట్టు తిరిగొస్తుంది. ద్రవాన్ని నేరుగా కంట్రోలర్ మీద చల్లకూడదు, స్టిక్‌ల చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి దిగుతుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, చెన్నై లాంటి తీర ప్రాంతాల్లో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. అక్కడ చెమటను పీల్చుకునే పదార్థం కావాలి. ఏప్రిల్ నెల హైదరాబాద్‌లో గాలి పొడిగా ఉంటుంది, అక్కడ మామూలు రబ్బరు గరుకు కూడా సరిపోతుంది. వర్షాలు మొదలయ్యాక లెక్క మళ్లీ మారుతుంది.

తలనూనె, బజ్జీల నూనె అంటిన చేతులు ఇంకో రకం నష్టం చేస్తాయి. నూనె ఘర్షణను తగ్గించడమే కాకుండా రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. స్టిక్ టోపీల అంచులు వదులై ఊడటానికి ఇదొక కారణం.

చేతులకు టాల్కమ్ పౌడర్ రాసుకునే అలవాటు కూడా ఉంది. అది చెమటను కాసేపు పీల్చుకుంటుంది, ఆ తర్వాత తానే జారుడు పొరగా మారుతుంది. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లేది జారడానికే కదా. పైగా ఆ పొడి స్టిక్ కింది సందుల్లోకి దిగితే లోపలి సెన్సర్లకు ప్రమాదం. వ్యాయామశాలల్లో వాడే చాక్‌తోనూ ఇదే చిక్కు. ఆట మధ్యలో చేతులు తుడుచుకోవడానికి పక్కన ఒక నూలు తువ్వాలు పెట్టుకోవడం వీటన్నింటికన్నా మెరుగు.

తొడుగు, స్టిక్కర్, టేపు

సిలికాన్ తొడుగు చవక, తగిలించడం తేలిక. దాని అసలు లోపం మందంలో ఉంది. పిడి చుట్టూ 2 మి.మీ. మందం చేరితే చుట్టుకొలత సుమారు 12.5 మి.మీ. పెరుగుతుంది. పెద్ద చేతికి అది నిండుగా ఉండి హాయినిస్తుంది. చిన్న చేతికి వేళ్లు పిడి చుట్టూ పూర్తిగా తిరగవు, చూపుడు వేలు ట్రిగ్గర్‌కు, బొటనవేలు స్టిక్‌కు మునుపటికన్నా దూరమవుతాయి. ఆ దూరాన్ని అందుకోవడానికి చెయ్యి చాచగానే పట్టు సడలుతుంది. తొడుగు వేశాకే ఎక్కువ జారుతోందన్న ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే.

రెండో లోపం, తొడుగు కంట్రోలర్‌కు అతుక్కుని ఉండదు. స్టిక్ గట్టిగా తోసినప్పుడు తొడుగు చేతితో పాటు నిలుస్తుంది, కంట్రోలర్ లోపల కదులుతుంది. ఆ కాస్త కదలిక గురి తప్పించడానికి చాలు. మూడోది, సిలికాన్ చెమటను పీల్చదు, గాలి ఆడనివ్వదు, దుమ్మును మాత్రం బాగా లాక్కుంటుంది. ఛార్జింగ్ డాక్‌లో కంట్రోలర్ కూర్చోకపోవడం కూడా మామూలే. పిల్లలు తరచూ కింద పడేసే ఇంట్లో, చేతులు మారే గేమింగ్ కేఫ్‌లో మాత్రం తొడుగు ఉపయోగమే: దెబ్బ కాస్తుంది, తీసి సబ్బునీళ్లతో కడగవచ్చు. కొనేటప్పుడు మోడల్ సరిచూసుకోవాలి, డ్యూయల్‌షాక్ 4 తొడుగు డ్యూయల్‌సెన్స్‌కు పట్టదు.

గరుకు రబ్బరు స్టిక్కర్లు పలుచగా ఉంటాయి, కొలతను దాదాపు మార్చవు, కంట్రోలర్‌కు గట్టిగా అతుక్కుంటాయి. తిప్పుడును ఆపడంలో వీటికి మించినవి తక్కువ. చెమటను పీల్చకపోవడం వీటి లోటు. అంచులు లేవడం ఇంకొకటి, అందులో తప్పు చాలావరకు అతికించే తీరుదే. స్కేట్‌బోర్డులకు వేసే గరుకు టేపును కొందరు వాడతారు. అది గరుకు కాగితమే కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది, వారం తిరిగేసరికి చర్మం ఒరుసుకుపోతుంది. వాడకపోవడమే మంచిది.

చెమట చేతులకు నిలబడేది పాలీయురిథేన్ టేపు. టెన్నిస్, బ్యాడ్మింటన్ రాకెట్లకు చుట్టే ఓవర్‌గ్రిప్ ఆ పదార్థమే. ఆటవస్తువులు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. బ్యాడ్మింటన్ ఓవర్‌గ్రిప్ మందం సాధారణంగా 0.6 మి.మీ. దగ్గర ఉంటుంది. చుట్టుకొలత 4 మి.మీ. లోపే పెరుగుతుంది, అందువల్ల చిన్న చేతులకూ ఇబ్బంది ఉండదు. తేమను కొంత పీల్చుకుంటుంది. అలాగే అరిగిపోతుంది, నల్లబడుతుంది, కొన్ని నెలలకోసారి మార్చక తప్పదు. కంట్రోలర్ ఆకారానికి కత్తిరించి అమ్మే పాలీయురిథేన్ ప్యాడ్‌లు చూడటానికి బాగుంటాయి, ధర ఎక్కువ, పదార్థం మాత్రం అదే జాతి.

అతికించే పద్ధతి, తప్పు జరిగే చోట్లు

అంటుకునే ప్యాడ్‌లకు శుభ్రతే ప్రాణం. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కంట్రోలర్ పిడులను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో రెండుసార్లు తుడిచి, ఐదు నుంచి పది నిమిషాలు ఆరనివ్వాలి. పెంకు రెండు భాగాలు కలిసే అతుకును హద్దుగా తీసుకుని, ప్యాడ్‌ను కాగితం తీయకుండానే ఒకసారి పెట్టి చూసుకోవాలి. తర్వాత కాగితాన్ని సగం మాత్రమే ఒలిచి ఆ సగాన్ని అతికించి, మిగతాది మెల్లగా లాగుతూ మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ పోవాలి. వంపు ఎక్కువగా ఉన్న పిడి చివర హెయిర్ డ్రయ్యర్ గాలి కొన్ని సెకన్లు తగిలిస్తే ప్యాడ్ మెత్తబడి వంపుకు ఒదుగుతుంది. ప్రతి అంచునూ అర నిమిషం వేలితో అదిమి పట్టాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు వెంటనే ఆడటం. నొక్కితే అంటుకునే జిగురు అతికించిన క్షణాన పూర్తి బలంతో ఉండదు. ఉపరితలంలోని సూక్ష్మమైన గుంతల్లోకి మెల్లగా ప్రవహించి పట్టు తెచ్చుకుంటుంది. చాలా భాగం బలం రావడానికి ఒక రోజు, పూర్తిగా రావడానికి మూడు రోజుల దాకా పడుతుంది. కనీసం 24 గంటలు కంట్రోలర్‌ను పక్కన పెడితే అంచులు లేచే బెడద చాలావరకు తీరుతుంది.

ఓవర్‌గ్రిప్ చుట్టడానికి పని వేరు. 110 నుంచి 120 సెం.మీ. పొడవుండే ఒక చుట్ట మధ్యకు కత్తిరిస్తే రెండు పిడులకూ సుమారుగా సరిపోతుంది. రాకెట్ పిడి నిటారుగా ఉంటుంది, కంట్రోలర్ పిడి చివరికి సన్నబడుతుంది. అందువల్ల చుట్టలు చివరి వైపు జారిపోతాయి. పిడి కొనకు రెండు వైపులా అంటుకునే టేపు చిన్న ముక్క వేసి, కొన నుంచి పైకి, ఒక్కో చుట్ట ముందు చుట్టను 5 మి.మీ. కప్పేలా, కొంచెం సాగదీస్తూ చుట్టాలి. కుడి పిడికి ఒక దిశలో చుడితే ఎడమ పిడికి ఎదురు దిశలో చుట్టాలి. అలా చేస్తే అరచేతులు లోపలికి నొక్కినప్పుడు అంచులు రెండు వైపులా మూసుకుంటాయే తప్ప లేవవు. పెంకు నడిమి భాగానికి రాకముందే ఆపాలి. ఎక్స్‌బాక్స్ బ్యాటరీ మూతను కప్పేస్తే సెల్స్ మార్చిన ప్రతిసారీ టేపు విప్పాల్సి వస్తుంది.

పాత టేపు తీశాక మిగిలే జిగురుకు ఆల్కహాల్, ఓపిక చాలు. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి పోకూడదు. దానిలో ఉండే అసిటోన్ కంట్రోలర్ పెంకు తయారయ్యే ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

స్టిక్ ఎత్తు: గురికీ వేగానికీ మధ్య బేరం

థంబ్ క్యాప్ రెండు పనులు చేస్తుంది: బొటనవేలు జారకుండా ఆపడం, స్టిక్ పొడవు పెంచడం. మొదటిది అందరికీ తెలుసు, అసలు ప్రభావం రెండోదానిదే. స్టిక్ తిరిగే కీలు నుంచి పైకొన దాకా 20 మి.మీ. ఉండి, గరిష్ఠంగా 20 డిగ్రీలు వాలుతుందనుకుందాం. వేలు కదిలే దూరం సుమారు 6.8 మి.మీ. 6 మి.మీ. ఎత్తు క్యాప్ పెడితే అదే వాలుకు వేలు 8.9 మి.మీ. కదలాలి. అంటే అదే దూరంలో ఇంకా సన్నని తేడాలు చూపవచ్చు, దూరపు లక్ష్యాలకు గురి మెరుగవుతుంది. కావలసిన బలం కూడా దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అయితే చివరి దాకా వాల్చడానికి ఎక్కువ సమయం పడుతుంది, బొటనవేలు ఎక్కువ ఎత్తుకు లేచి ఉండాలి. చిన్న చేతుల్లో ఆ ఎత్తే బొటనవేలి మొదలు నొప్పికి దారి తీస్తుంది.

అందుకే రెండు స్టిక్‌లకూ ఒకే ఎత్తు పెట్టడం మంచి పద్ధతి కాదు. షూటింగ్ ఆటల్లో గురిపెట్టే కుడి స్టిక్‌కు ఎత్తు, నడిపే ఎడమ స్టిక్‌కు పలుచని టోపీ లేదా ఏమీ లేకపోవడం నప్పుతుంది. ఫుట్‌బాల్ ఆటల్లో, ఫైటింగ్ ఆటల్లో ఎత్తు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. కార్ల ఆటల్లో స్టీరింగ్ ఎడమ స్టిక్ మీద ఉంటుంది కాబట్టి ఎత్తు అక్కడ పెట్టాలి. ఎత్తు మార్చాక ఆటలో సెన్సిటివిటీని (స్టిక్ కదలికకు ఆట స్పందించే వేగాన్ని) కొద్దిగా పెంచుకోకపోతే అంతా నెమ్మదించినట్టు అనిపిస్తుంది. చాలామంది క్యాప్‌ను తప్పుపట్టి తీసేసేది అక్కడే.

పైభాగపు ఆకారంలోనూ తేడా ఉంది. ప్లేస్టేషన్ స్టిక్‌లు డ్యూయల్‌షాక్ నుంచి డ్యూయల్‌షాక్ 3 దాకా ఉబ్బెత్తుగా ఉండేవి, 2013లో డ్యూయల్‌షాక్ 4తో మధ్యలో గుంట, చుట్టూ గట్టు వచ్చాయి. గుంట ఉన్నది వేలిని మధ్యలో పట్టి ఉంచుతుంది, లాగడానికి గట్టు ఆసరా అవుతుంది. ఉబ్బెత్తుది వేలి కొనకు బదులు మెత్తటి భాగంతో ఆడేవారికి హాయి.

క్యాప్ కొన్నాక ఒక తనిఖీ తప్పనిసరి. కొన్ని క్యాప్‌ల కింది అంచు మందంగా ఉండి, స్టిక్ పూర్తిగా వాలేలోపే పెంకుకు తగులుతుంది. అప్పుడు ఆటలో మనిషి నడుస్తాడే తప్ప పరుగెత్తడు. కంప్యూటర్‌కు కలిపి, స్టీమ్ అనే గేమ్ యాప్‌లోని కంట్రోలర్ సెట్టింగుల పరీక్షలో స్టిక్‌ను గుండ్రంగా తిప్పితే చుక్క అన్ని వైపులా అంచును తాకాలి. తాకకపోతే ఆ క్యాప్ పనికిరాదు. ఇంకో మాట: స్టిక్ తనంతట తానే ఒక వైపు కదిలే డ్రిఫ్ట్‌కు ఏ క్యాప్ కూడా మందు కాదు. అది చాలావరకు స్టిక్ వాలును కొలిచే లోపలి భాగం, పొటెన్షియోమీటర్, అరుగుదల. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లలో తాకే భాగం లేదు కాబట్టి ఆ అరుగుదల ఉండదు.

1999 నాటి మారియో పార్టీ ఉదంతం ఈ విషయంలో గుర్తుంచుకోదగినది. నింటెండో 64 గట్టి ప్లాస్టిక్ స్టిక్‌ను వేగంగా తిప్పమనే ఆటల్లో పిల్లలు అరచేతితో తిప్పి బొబ్బలు తెచ్చుకున్నారు. 2000లో న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కంపెనీ ఆట కొన్నవారికి చేతి గ్లవ్స్ ఇవ్వడానికి అంగీకరించింది.

ట్రిగ్గర్లు, వైబ్రేషన్, వెనక బటన్లు

కంపిస్తున్న వస్తువును చెయ్యి మామూలుకన్నా గట్టిగా పట్టుకుంటుంది. వైబ్రేషన్ తగ్గించడం పట్టు బిగువును తగ్గించే అతి చవకైన మార్గం. ప్లేస్టేషన్ 5 సెట్టింగుల్లో యాక్సెసరీస్, ఆ తర్వాత కంట్రోలర్స్ విభాగంలో వైబ్రేషన్ తీవ్రత, ట్రిగ్గర్ ఎఫెక్ట్ తీవ్రత విడివిడిగా తగ్గించుకోవచ్చు. డ్యూయల్‌సెన్స్ ట్రిగ్గర్లు కొన్ని ఆటల్లో వేలికి ఎదురు తోస్తాయి. చూపుడు వేలు నొప్పెడుతుంటే మొదట మార్చాల్సింది ఇదే.

ట్రిగ్గర్ ఎక్స్‌టెండర్ కొనను పొడిగిస్తుంది కాబట్టి తక్కువ బలం చాలు, కానీ వేలు కదలాల్సిన దూరం పెరుగుతుంది. కార్ల ఆటలకు బాగుంటుంది, వేగంగా కాల్చే ఆటలకు అడ్డం. అక్కడ ట్రిగ్గర్ ప్రయాణాన్ని మధ్యలోనే ఆపే స్టాపర్లు మేలు, ఖరీదైన కంట్రోలర్లు ఎక్స్‌బాక్స్ ఎలీట్, డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లలో ఇవి ముందే ఉంటాయి.

వెనక బటన్ల లాభం వేగంలో కన్నా సౌకర్యంలో ఎక్కువ. అవి లేనప్పుడు కుడి స్టిక్ వదలకుండా బటన్లు నొక్కడానికి చూపుడు వేలును కొక్కెంలా వంచి ముందుకు తెచ్చే 'క్లా' పట్టు అలవాటవుతుంది. ఆ పట్టులో ట్రిగ్గర్ పని మధ్యవేలికి వస్తుంది కాబట్టి కంట్రోలర్‌ను మోసే వేళ్లు ఒకటి తగ్గి, మిగిలినవాటి మీద భారం పెరుగుతుంది. దూకడం, వంగడం అనే రెండు పనులను వెనక బటన్లకు మారిస్తే చాలు, చెయ్యి కుదురుగా ఉంటుంది. వెనక బటన్లు లేని కంట్రోలర్లలోనూ బటన్ల పనులు మార్చుకోవచ్చు: ప్లేస్టేషన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల ద్వారా, ఎక్స్‌బాక్స్‌లో యాక్సెసరీస్ యాప్ ద్వారా. చేతి కదలికే పరిమితంగా ఉన్నవారికి 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్, 2023 డిసెంబరులో ప్లేస్టేషన్ యాక్సెస్ కంట్రోలర్ వచ్చాయి. వాటిని పట్టుకోవాల్సిన పనే లేదు, బల్ల మీదో ఒడిలోనో పెట్టి ఆడవచ్చు.

నొప్పి ఉన్న చోటే కారణం చెబుతుంది

బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన పట్టేసినట్టుండే నొప్పి బొటనవేలి స్నాయువుల శ్రమకు గుర్తు. ఎత్తు క్యాప్ తీసేయడం, స్టిక్ సెన్సిటివిటీ పెంచడం ఇక్కడ పనిచేస్తాయి. వీడియో గేమ్ ఆడి బొటనవేలి స్నాయువు నొప్పి తెచ్చుకున్న కేసు 1990లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 'నింటెండినైటిస్' పేరుతో అచ్చయింది.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే రెండు చోట్లు చూడాలి. పిడి చివర అరచేతి అడుగు భాగంలో గుచ్చుకుంటోందా, మోచేతులు కుర్చీ గట్టి చేతుల మీద ఆనుతున్నాయా? రెండూ మోచేతి నుంచి ఆ వేళ్లకు వెళ్లే అల్నార్ నరాన్ని నొక్కుతాయి. మొదటిదానికి పిడి కొనకు ఒక పొర టేపు ఎక్కువ వేయాలి, రెండోదానికి ఒడిలో దిండు పెట్టుకుని ముంజేతులు దాని మీద ఆన్చాలి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మణికట్టు ఎక్కువ వంగుతోందని అర్థం. కంట్రోలర్‌ను ఛాతీ దగ్గరకు కాకుండా ఒడిలోకి దించి, మణికట్టు ముంజేతితో ఒకే వరసలో ఉండేలా చూడాలి. ఆట ఆపాక కూడా తిమ్మిరి కొనసాగినా, రాత్రి నిద్రలో మెలకువ తెప్పించినా ఏ టేపూ పరిష్కారం కాదు, ఎముకల వైద్యుడికి చూపించాలి.

జిడ్డెక్కే రబ్బరు పూత

కొన్నేళ్లు డబ్బాలో ఉంచిన కంట్రోలర్ బయటకు తీస్తే పిడులు జిగటగా చేతికి అంటుకుంటాయి. చెమట మురికి అనుకుని ఎంత తుడిచినా పోదు. మెత్తటి స్పర్శ కోసం వేసిన పాలీయురిథేన్ పూత గాలిలోని తేమతో చర్య జరిపి గొలుసులు తెగడం వల్ల ఇలా అవుతుంది. తీర ప్రాంతాల్లో ఇది త్వరగా వస్తుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా. అటకమీద పెట్టడం కన్నా సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో ఉంచడం మేలు. రబ్బరు ముక్కలు పెంకుకు అంటించి ఉండే ఖరీదైన మోడళ్లలో ఇదే తేమ, చెమట కలిసి కింది జిగురును వదులు చేస్తాయి, ముక్క ఒక చివర లేస్తుంది. పాత జిగురు పూర్తిగా తీశాకే పలుచని రెండు వైపుల టేపుతో మళ్లీ అతికించాలి. సూపర్ గ్లూ వాడితే తెల్లటి మచ్చ మిగులుతుంది, ఇంకోసారి విప్పడం కుదరదు.

జిగటెక్కిన పూతను మళ్లీ బాగుచేయడం సాధ్యం కాదు, తీసేయడమే మార్గం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో కొద్దికొద్దిగా రుద్దితే అది ముద్దలుగా ఊడి వస్తుంది, గుడ్డ తరచూ మార్చాలి. పెంకు విప్పి చేస్తే ఆల్కహాల్ లోపలికి దిగే భయం ఉండదు. ఎక్స్‌బాక్స్‌కు మధ్యలో రంధ్రం ఉన్న టీ8 సెక్యూరిటీ టార్క్స్ స్క్రూడ్రైవర్ కావాలి. ఐదు స్క్రూలలో ఒకటి బ్యాటరీ గదిలో స్టిక్కర్ కింద దాగి ఉంటుంది. డ్యూయల్‌సెన్స్‌కు మామూలు చిన్న ఫిలిప్స్ చాలు, నాలుగు స్క్రూలలో రెండు ఎల్1, ఆర్1 బటన్ల కింద ఉంటాయి. వారంటీ గడువు మిగిలి ఉంటే విప్పకుండానే పని కానివ్వాలి. పూత పోయాక బయటపడే గట్టి ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, అలాగే వదిలేస్తే జారుతుంది. ఒక రోజు ఆరనిచ్చి దాని మీద ఓవర్‌గ్రిప్ చుట్టుకోవచ్చు.